దీపం లేని గుళ్ళు

అమ్మ పోయిన పదకొండో రోజు, కర్మ చేయించడానికి వచ్చిన అయ్యగారు చాప మీద సర్దుకుని కూర్చుని, "మీ అమ్మ ఏయే గుళ్ళు తిరిగిందమ్మా? చూడాలనుకుని చూడలేకపోయిన క్షేత్రం ఏదన్నా ఉంటే ఆమె పేరున మీరెవరన్నా పోయి రండి, మంచిది" అన్నాడు. ఇంట్లో ఉన్నవాళ్ళందరూ నా వైపు చూశారు. మిగిలిన బిడ్డను నేనొక్కదాన్నే. "చాలా తిరిగింది" అన్నాను. ఆయన తృప్తిగా తలాడించి దర్భలు అందుకున్నాడు. నేను చెప్పింది అబద్ధం కాదు. నేను తొమ్మిదో తరగతిలో ఉండాల్సిన సంవత్సరమంతా అమ్మ గుళ్ళే తిరిగింది, నేనూ వెంట తిరిగాను. కీసర నుంచి ఓరుగల్లు దాకా, అటు బీదరు దాకా. వాటిలో ఒక్కదానిలోనూ ఆమె దండం పెట్టిన దేవుడు లేడన్న మాట మాత్రం ఆయనకు చెప్పలేదు. చెబితే కారణం కూడా చెప్పాల్సి వచ్చేది. ఆ కారణం మా ఇంట్లో మేమే ఎప్పుడూ పైకి అనుకోలేదు.

మాది గౌడవెల్లి. అప్పట్లో మా ఇంటి వెనకనుంచి శామీర్‌పేట వైపు చూస్తే ద్రాక్ష తోటలే. తోటలకు మందు కొట్టే రోజుల్లో మైలుతుత్తం వాసన పెరట్లో ఆరేసిన బట్టల్లోకి కూడా దిగేది. నాయినకు రెండెకరాల చెలక, ఒక పాత జీపు ఉండేవి. పొద్దున్నే మేడ్చల్‌లో జనాన్ని ఎక్కించుకుని శామీర్‌పేటలో దింపేవాడు, అక్కడ ఎక్కించుకుని మేడ్చల్‌లో దింపేవాడు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆయన అంగీ డీజిలు వాసన, మా అన్న అంగీ బిస్కెట్ల వాసన. అన్న మేడ్చల్ దగ్గర బిస్కెట్ల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. దండెం మీద ఆ రెండు అంగీలు పక్కపక్కన వేలాడుతుంటే మా అవ్వ, నాయిన వాళ్ళమ్మ, "ఒకటి బండి, ఒకటి బట్టీ" అని నవ్వేది. అన్న పేరు యాదగిరి. పెళ్ళయిన చాలా ఏళ్ళకు, యాదగిరిగుట్టకు మొక్కుకున్నాక పుట్టాడని ఆ పేరు పెట్టారు. నేను ఆ తర్వాత, ఏ మొక్కూ లేకుండానే పుట్టాను.

నాయిన అమ్మను పేరుపెట్టి పిలిచేవాడు కాదు. మా వైపు మగవాళ్ళు భార్యను పెద్ద బిడ్డ పేరుతో పిలవడం అలవాటు. వాకిట్లో జీపు ఆగగానే "యాదగిరీ, నీళ్ళు" అనేవాడు. ఆ పిలుపుకు పలికేది అమ్మే. అన్నను పిలవాల్సి వస్తే "అరేయ్" అనేవాడు.

అన్నకు పంతొమ్మిదో ఏట కామెర్లు వచ్చాయి. ముందు పక్క ఊళ్ళో ఆకు పసరు పోయించారు, తర్వాత పట్నంలో దవాఖానాలో వేశారు. అన్న అక్కడున్న ఇరవై రోజులు అమ్మ మంచం దగ్గర తక్కువ కూర్చుంది, గుళ్ళలో ఎక్కువ కూర్చుంది. కీసర గుట్ట మోకాళ్ళ మీద ఎక్కింది. యాదగిరిగుట్టలో తడి బట్టలతో పొర్లుదండాలు పెట్టింది. మా జీపులాంటిదే జీపు నడిపే ఖాజా చిచ్చా భార్యతో కలిసి దర్గాకు వెళ్ళి దారం కట్టింది. చివరి మొక్కుకు వెళ్ళి వచ్చేసరికి అన్న లేడు. ఆమె చేతిలో ప్రసాదం పొట్లం ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక చాలాసేపు అలాగే పట్టుకుని నిలబడింది.

ఆ రోజు నేను ఏడవలేదు. ఇల్లంతా జనం. ఎవరో ఒకామె తన చంటిపిల్లను నా చేతుల్లో పెట్టి లోపలికి వెళ్ళింది. అన్నను తీసుకెళ్ళేటప్పుడు కూడా ఆ పిల్ల నా భుజం మీదే నిద్రపోతోంది. కదిలితే లేస్తుందని నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. సాయంత్రం పిల్లను తీసుకున్నప్పుడు నా చెయ్యి మొద్దుబారి ఉంది. అన్న పోయిన రోజు గురించి ఎవరైనా అడిగితే నాకు మొదట గుర్తొచ్చేది ఆ చెయ్యే.

నెల మాసికం అయ్యాక అమ్మ దేవుని గూట్లో ఉన్న పటాలన్నీ తీసి, పాత చీరలో మూటకట్టి, అటక మీద పెట్టించింది. ఆ గూట్లో ఉప్పు డబ్బా, అగ్గిపెట్టె, దువ్వెన పెట్టింది. అవ్వ "దేవునితోని పంతమేందే" అంటే అమ్మ ఉప్పు డబ్బాను గూట్లో ఇంకా లోపలికి జరిపింది. వంట చేసేది, బర్రెకు గడ్డి వేసేది, బట్టలు ఉతికేది. అడిగితే తినేది, అడగకపోతే లేదు. నా వైపు చూసేది గాని, నా వెనక ఉన్న గోడను చూస్తున్నట్టు చూసేది. నాయినకు ఆమెను ఒంటరిగా వదలాలంటే భయం. పెరట్లో గట్టు లేని బావి ఉంది. "నాలుగు దినాలు బడికి పోకు బిడ్డా, అమ్మ కాడ ఉండు" అన్నాడు నాతో. ఆ నాలుగు దినాలు ఎప్పుడు అయిపోతాయో ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆయనకు ఇప్పుడు అమ్మను పిలవడానికి మాట లేదు. "ఇగో" అనేవాడు, దగ్గేవాడు, లేకపోతే "మీ అమ్మకు జెప్పు" అని నాతో చెప్పించేవాడు. ఆమె రెండడుగుల దూరంలోనే ఉండేది.

ఆమెకు గాలి మార్పు కావాలని అవ్వే అన్నది. "గుడికి తీస్కపోరా. దేవుని మొఖం సూస్తే మనసు నిమ్మళమైతది." ఆదివారం ఫ్యాక్టరీలకు సెలవు, జీపుకు బేరాలు తక్కువ. ఒక ఆదివారం నాయిన మమ్మల్ని కీసరకు తీసుకెళ్ళాడు. గుట్ట కింద జీపు ఆపి, "దిగు" అన్నాడు. అమ్మ దిగలేదు.

"మీరు పోయి రాండ్రి."

"ఈడిదాంక వచ్చినంక దిగకుంటెట్ల? మెట్లెక్కకు, కిందనే దండం పెట్టు."

"దీపమున్న గుడికి నేను రాను. ఆడ కూసున్నాయన నా మొఖం సూసిండు, నేను ఆయన మొఖం సూసిన. ఇగ సాలు."

నాయిన బండి తిప్పాడు. గుట్ట చుట్టూ తిరిగి వస్తుంటే ఇంజను వేడెక్కింది. నీళ్ళు పోయడానికి ఆపాడు. పక్కన తుప్పల నడుమ మోకాలెత్తు ఇటుక గోడలు, గదులు గదులుగా ఉన్నాయి. మా ఇళ్ళకు వాడే ఇటుకలకు రెండింతలున్నాయి. అమ్మ తనంతట తానే దిగి వాటి మధ్యకు నడిచింది.

"గివేంది?"

"పాతకాలపు గుడి గోడలంట. తవ్వి తీసిండ్రు" అన్నాడు నాయిన.

"దేవుడేడి?"

"ఏడికెళ్ళొస్తడు? ఎన్ని వందల ఏండ్లయిందో."

ఆమె ప్రతి గదిలోకీ అడుగుపెట్టి, తలుపు ఉండే చోటునుంచే బయటకు వచ్చింది. గోడ దాటడానికి వీలున్నా దాటలేదు. చివరికి ఒక గోడ మీద కూర్చుని, "ఆ సద్ది ఇటు తే" అన్నది నాతో. జొన్న రొట్టె, మామిడి తొక్కు. అడగకుండా ఆమె తిన్నది అన్న పోయాక అదే మొదటిసారి. నాయిన రేడియేటర్‌లో నీళ్ళు పోయడం మానేసి ఆమె నమలడాన్ని చూస్తున్నాడు.

మర్నాడు నాయిన మేడ్చల్‌లో చాయ్ హోటల్ ముందు ఖాజా చిచ్చాను అడిగాడట. ఈ మాట చిచ్చాయే తర్వాత చాలాసార్లు నాకు చెప్పాడు. "మీ నాయిన నన్ను ఏమడిగిండు ఎరుకనా బేటా? ఖాజా, దేవుడు లేని గుడి ఏడన్న ఉన్నదా అన్నడు. నేను పరేషాన్ అయిన. దేవుడున్న గుడి అడిగెటోళ్ళను సూసిన గాని, లేని గుడి అడిగెటోన్ని సూడలె." చిచ్చాకు జీపుతో పాటు మేకల బేరం కూడా ఉండేది, అంగళ్ళ కోసం జిల్లాలు తిరిగేవాడు. "జర ఆగు, యాద్ జేస్కోనీ" అని, ఒక సిగరెట్ అట్ట మీద పెన్నుతో ఊళ్ళ పేర్లు రాసిచ్చాడు. రాత ఉర్దూలో. నాయినకు ఉర్దూ చదవడం వచ్చు, నాకు రాదు. అందుకే వచ్చే ఆదివారం ఎక్కడికి వెళ్తామో నాకెప్పుడూ ముందు తెలిసేది కాదు.

అలా మొదలయ్యాయి మా ఆదివారపు ప్రయాణాలు. తెల్లవారుతూనే అవ్వ రొట్టెలు చేసి మూటగట్టేది, నేను నీళ్ళ డబ్బా, మూట పట్టుకుని వెనక కూర్చునేదాన్ని. కొలనుపాకలో తలలు లేని రాతి విగ్రహాలు వరసగా గోడకు ఆనించి ఉండేవి. అమ్మ ఒక్కొక్కదాని దగ్గర ఆగి, విరిగిన చేతి చోట వేళ్ళు పెట్టి, సంతలో వడ్లు చూసినట్టు రుద్ది చూసేది. బీదరుకు ఖాజా చిచ్చా, ఆయన భార్య కూడా వచ్చారు. అక్కడ పాత సుల్తానుల సమాధుల్లో ఒకదాని గుమ్మటం సగం ఊడిపోయి ఉంది. "పిడుగు పడ్డదంటరు భాబీ" అన్నాడు చిచ్చా. అమ్మ తల ఎత్తి చాలాసేపు చూసి, "లోపట వెలుతురు మంచిగున్నది" అన్నది. చిచ్చా, ఆయన భార్య ఒక మూలన నిలబడి చేతులు చాచి ఏదో చదువుకున్నారు. అమ్మ అది అయ్యేదాకా పక్కకు తిరిగి నిలబడింది.

ఇంతకంటే ఎక్కువ నాకు గుర్తులేదు. ఎవరు కట్టారో, ఏ కాలానివో ఎవరూ చెప్పలేదు, నేనూ చదవలేదు. ఇప్పటికీ కాకతీయుల స్తంభం ఏదో చాళుక్యులది ఏదో నాకు తెలియదు. ఆ రాళ్ళు నాకు అందంగా కనిపించలేదు, అనాకారిగా కూడా కనిపించలేదు. మూట మొయ్యడం, నీడ వెతకడం, అమ్మ ఎటు పోతుందో చూడటం, అంతే నా పని. అన్న గురించి ఆ ప్రయాణాల్లో ఒక్క మాట కూడా రాలేదు. జీపులో ముగ్గురం గంటల తరబడి రోడ్డును చూస్తూ కూర్చునేవాళ్ళం.

ఓరుగల్లు కోటలో మాత్రం ఒకటి జరిగింది. నాలుగు పెద్ద రాతి తోరణాల నడుమ, విరిగిపడ్డ స్తంభాలు, ఏనుగులు, హంసలు నేల మీద ఇష్టం వచ్చినట్టు పడి ఉన్నాయి. ఎక్కడినుంచో బస్సుల్లో జనం వచ్చారు. ఆ గుంపులో అమ్మ కనిపించలేదు. నాయిన రాళ్ళ మీదికెక్కి చూశాడు. దూరంగా అవతలి తోరణం దగ్గర ఆమె చీర కనిపించింది, మాకు వీపు పెట్టి రోడ్డు వైపు పోతోంది. అరిచి పిలవాలి. ఆయన నోరు తెరిచాడు, మూశాడు. నాకు తెలుసు ఆయన నాలుక మీద ఏ పేరు ఉందో. తర్వాత "స్వరూపా" అని అరిచాడు. స్వరూప నా పేరు. నేను ఆయన పక్కనే, మోచెయ్యి తగిలేంత దగ్గరలో నిలబడి ఉన్నాను. "స్వరూపా" అని మళ్ళీ అరిచాడు. మూడోసారికి అమ్మ ఆగింది. వెనక్కి తిరిగి, పిలిచింది తననేనా అన్నట్టు నిలబడి, మెల్లగా మా వైపు రావడం మొదలుపెట్టింది. ఆ రోజునుంచి ఆమెను ఆయన అదే పేరుతో పిలిచాడు, తాను పోయేదాకా. నాకు సంతోషం కలిగిందా అంటే చెప్పలేను. ఇంట్లో ఆ పేరు వినబడితే ఎవరు పలకాలో కొన్నాళ్ళు తేలేది కాదు, అంతే.

తర్వాతి సంగతులు చెప్పడానికి పెద్దగా లేవు. సెవెన్ సీటర్ ఆటోలు వచ్చి జీపు బేరం పడిపోయింది, నాయిన దాన్ని అమ్మేశాడు. ఆ తర్వాత కొన్నేళ్ళకు చెలక కూడా పోయి ప్లాట్లయింది. నాకు పెళ్ళయి మచ్చ బొల్లారంలో కాపురం పెట్టాను. నాయిన పోయాక అమ్మ నా దగ్గరే ఉంది. మా ఇంట్లో దేవుని గది ఉంది, నేను రోజూ దీపం పెడతాను. అమ్మ వద్దనలేదు. ఆ వేళకు వంటింట్లోకి వెళ్ళి బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ కూర్చునేది. ఇప్పుడు బియ్యంలో రాళ్ళు రావడం లేదని ఆమెకూ తెలుసు.

రెండేళ్ళ కింద నేను పనిచేసే బడి టీచర్లమంతా బస్సు మాట్లాడుకుని ఓరుగల్లు వైపు వెళ్ళాం. అప్పుడు తుప్పల్లో పడి ఉన్నవన్నీ ఇప్పుడు పచ్చగడ్డి మీద వరసగా పేర్చి ఉన్నాయి. కంచెలు, బోర్డులు, తాగే నీళ్ళు. మేము రొట్టె తిన్న రాళ్ళ మీద కూర్చోరాదని రాసి ఉంది. అది మంచిదే, అప్పుడు మేము వాటి మీదే చెయ్యి కడుక్కున్నాం. ఒకచోట ఖాళీ గర్భగుడిలో కొత్త విగ్రహం పెట్టి మైకులో పాటలు వేస్తున్నారు. తోటివాళ్ళు లోపలికి వెళ్ళి హారతి కళ్ళకద్దుకున్నారు, నేనూ అద్దుకున్నాను. అప్పుడు ఏమీ అనిపించలేదు, ఇప్పుడూ అనిపించలేదు. అప్పుడు మాకు ఏమీ అనిపించకుండా ఉండటానికి ఒక చోటు కావాల్సి వచ్చింది, అందుకు నాయిన మైళ్ళకు మైళ్ళు బండి నడిపాడు. ఇప్పుడు దానికి ఎక్కడికీ వెళ్ళనక్కర్లేదు, ఇంట్లోనే కుదురుతుంది. తేడా ఏదన్నా ఉంటే అదే.

అమ్మ పోయాక ఒక ఆదివారం మాత్రం పదే పదే గుర్తొస్తోంది. ఊరి పేరు తెలియదు. జనగామ దాటి చాలా దూరం పోయి, మట్టి రోడ్డు దిగి, మిరప చేల మధ్యకు వెళ్ళాం. చిన్న గుడి, శిఖరం లేదు, ముందర నాలుగు స్తంభాల మంటపం. మంటపం నిండా ఎర్రగా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఒక ముసలమ్మ చీపురుతో వాటిని దగ్గరకు నెడుతోంది. గాలి ఘాటుకు నాయిన తుమ్ముకుంటూ జీపు దగ్గరే ఆగిపోయాడు.

"దేవుడేడవ్వా?" అన్నది అమ్మ.

"మా అత్త ఉన్నప్పుడే లేడు. ఎవడో ఎత్తుకపోయిండంట."

"ఎవలు అడుగలేదా?"

"ఎవల్నని అడుగుతం? ఎండకు, వానకు మాకైతే అక్కరకొస్తాంది." ముసలమ్మ నడుము నిటారు చేసి అమ్మను ఎగాదిగా చూసింది. "నువ్వు దూరంకెళ్ళి వచ్చినట్టున్నవ్. మొక్కున్నదా?"

"లేదు."

"మరింక మంచిది. ఆ మూలకు జర ఊడ్వరాదు బిడ్డా, నాకు వంగరాదు."

అమ్మ చీపురు అందుకుని ఊడవడం మొదలుపెట్టింది. నేను మూట కింద పెట్టి గర్భగుడిలోకి వెళ్ళాను. తలుపు లేదు, గుమ్మం పొట్టిది. లోపల చల్లగా, చీకటిగా, గబ్బిలాల వాసన. నడుమ దేవుణ్ణి నిలబెట్టే రాతి గద్దె ఒట్టిగా ఉంది. తెల్లవారకముందే లేచి కూర్చున్న ఒళ్ళు. ఏ ఆలోచనా లేకుండా ఆ గద్దె ఎక్కి, కాళ్ళు పైకి ముడుచుకుని కూర్చున్నాను. బయట చీపురు చప్పుడు, ముసలమ్మ దగ్గు. ఎంతసేపు కూర్చున్నానో. చీపురు చప్పుడు ఆగింది. గుమ్మంలో వెలుతురు తగ్గింది. అమ్మ వంగి లోపలికి వచ్చి, చీకటికి కళ్ళు ఆనక నిలబడింది.

"ఆడ కూసున్నదెవరు?"

"నేనే."

"దిగు. చెప్పులేస్కోని గద్దె ఎక్కుతరా?"

"ఈడ దేవుడు లేడు గదమ్మా."

"లేకుంటే లేడు. చెప్పులిప్పు."

దిగి ఇప్పాను. ఆమె వాటిని తీసి బయట పెట్టబోయి, గుమ్మం వెలుతురులో ఆగింది. ఎడమ చెప్పు పట్టీ తెగిపోయి ఉంది, పిన్నీసు పెట్టుకున్నాను. అమ్మ పిన్నీసును వేలితో తిప్పి చూసింది.

"ఎప్పుడు తెగింది?"

"దసరాకు ముందు."

"గీ పిన్నీసు నాదే."

"నీ గాజుకున్నది తీసుకున్న. నువ్వు నిద్రపోయినవ్."

"నిద్రపోలే" అన్నది అమ్మ. చెప్పు పక్కన పెట్టి, "కాలు సూపియ్యి" అన్నది. గుమ్మం మీద కూర్చుని నా పాదం ఒళ్ళో పెట్టుకుంది. పిన్నీసు గుచ్చుకుని గుచ్చుకుని బొటనవేలి పక్కన కాయ కాచింది. దాన్ని నొక్కి, "నొస్తాందా?" అన్నది.

"నొస్తలేదు."

నిజంగానే నొప్పి లేదు. ఆమె మళ్ళీ నొక్కింది, ఇంకొంచెం గట్టిగా, నా ముఖం చూస్తూ. నా ముఖమే చూస్తోంది, వెనక గోడను కాదు. ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది. ఏం చెయ్యాలో తెలియక నేనే చూపు తిప్పుకున్నాను.

తన చెప్పులు నా ముందు పెట్టింది. నాకు వదులయ్యాయి. ముసలమ్మకు చీపురిచ్చి, మిరపకాయలు తొక్కకుండా అంచునుంచి దిగి, పల్లేరు కాయల దారిలో ఒట్టి కాళ్ళతో జీపు దాకా నడిచింది. నాయిన ఆమె కాళ్ళు చూసి బండి తీశాడు. చాలా దూరం వచ్చాక అమ్మ, "బడి నడుస్తలేదా?" అన్నది, ఎవర్ని అడుగుతోందో తెలియకుండా.

"నడుస్తాంది" అన్నాన్నేను.

"మరి?"

"నేనే వద్దన్న" అన్నాడు నాయిన, రోడ్డు మీదినుంచి చూపు తిప్పకుండా.

జనగామ బజారులోకి రాగానే అమ్మ "ఆపు" అన్నది. చెప్పుల దుకాణం ముందు తానే దిగి, నన్ను దింపి, బల్ల మీద కూర్చోబెట్టింది. దుకాణమతను ఒక జత తెచ్చి నా కాళ్ళకు తొడిగాడు. సరిగ్గా పట్టాయి. అమ్మ వంగి, మడమ వెనక వేలు దూర్చి చూసి, తల అడ్డంగా ఊపింది.

"ఒక నంబరు పెద్దది ఇయ్యి" అన్నది అతనితో. "పెరిగే పిల్ల."